మూడేండ్ల కిందటి గొంతు

రాత్రి పదకొండు దాటింది.
గొంగడి నీళ్ళు తాగి మనిషంత బరువైంది.
ఎర్రచెరువు కట్ట మీద నేనొక్కణ్ణే,
బ్యాటరీ లైటు తూము దిక్కు కొట్టి
మెట్లు లెక్కవెడుతున్న.
తొమ్మిదో మెట్టు మునిగింది. పదోది తేలే ఉన్నది.
అలుగు దుంకుతుంది గాని పద్ధతిగనే దుంకుతుంది,
కడుపు నిండిన బర్రె ఇంటి తొవ్వ వట్టినట్టు.

అంగీ జేబుల, కవరు చుట్టిన ఫోను వణికింది.
అల్లుడు పంపిండు, అచ్చంపేట నుంచి.
ఒత్తిన.

"లేవుండ్రి! ఎర్రచెరువుకు గండి వడ్డది!
ఉన్నోళ్ళు ఉన్నట్టే గుట్ట దిక్కు ఉరుకుండ్రి!
నీరటి బుచ్చిలింగాన్ని చెప్తున్న..."

నేను నీరటి బుచ్చిలింగాన్ని.
నిలవడ్డది ఎర్రచెరువు కట్ట మీద.
కట్ట నా కాళ్ళ కిందనే ఉన్నది.
అయినా ఒక్క గడియ
వంగి, చేత్తో తడిమి చూసిన.

గొంతు నాదే. నడుమ వచ్చిన దగ్గు గుడ నాదే.
మూడేండ్ల కింద, ఇసొంటి ముసుర్లనే,
తూము పక్క మన్ను జారి నిజంగ గండి వడ్డనాడు
ఉరుక్కుంట, ఏడ్సుకుంట పంపిన మాట.
ఆనాడు కింది వాడ మొత్తం బతికింది.
నాకు శాలువ కప్పిండ్రు.
శాలువ చినిగింది, గండి పూడింది,
గొంతుకు మాత్రం ఒక్క ఎంట్రుక నెరవలే.
ఎవని ఫోన్లనో అటుక మీద పండి పండి
మబ్బు వట్టంగనే లేచి కూసున్నది.

పాల ప్యాకెట్టు మీద తారీఖు ఉంటది.
జరం గోలీ మీద ఉంటది.
మాట మీద లేదు.

"అబద్ధం, కట్ట మంచిగున్నది, ఇండ్లు ఇడువకుండ్రి" అని
మళ్ళ మాట వెట్టిన.
టవరు లేదు. తెర మీద ఆ సున్న
గానుగెద్దు లెక్క తిరుగుతనే ఉన్నది.

కట్ట మీదికెల్లి చూస్తున్న:
కింది వాడల లైట్లు ఒక్కొక్కటే గడప దాటినయి.
ఆటో ఒకటి మొత్తుకుంట మొదలైంది.
అన్నీ గుట్ట దిక్కే.
గుట్టకు, వాడకు నడుమ కల్వర్టు.
కల్వర్టు మీద నడుమెత్తు వాగు.

ఒర్రిన. ఒర్రిన.
వాన నా గొంతును మింగింది.
ఫోన్లున్న నా గొంతును మాత్రం
ఒక్క చినుకు తడుపలే.

మన్నెమ్మ ఎవరి మాటా వినేది గాదు.
ఓటరు కార్డు సార్లొచ్చి పిలిచినా
పొయ్యి ముంగట్నుంచి లేవని మనిషి.
మనుమడు ఫోను చెవుల వెడితే
"బుచ్చిలింగం అబద్ధమాడడు బిడ్డా" అన్నదంట,
కోళ్ళ గంప నెత్తినెత్తుకున్నదంట.

తెల్లారి గంప తుమ్మకంపకు తట్టి దొరికింది.
రెండు కోళ్ళు బతికే ఉన్నయి, తడిసి, గుర్రుమనుకుంట.
మన్నెమ్మ ఇంకో రెండు ఫర్లాంగుల కింద.

కట్ట అట్లనే ఉన్నది.
పదో మెట్టు పొడిగనే ఉన్నది.

ఎస్సై కుర్చేసి అడిగిండు.
ఇది నీ గొంతేనా?
నాదే.
నువ్వే చెప్పినవా?
నేనే.
ఎప్పుడు?

ఆ ఒక్క మాట
రాత్రంత ఎవ్వరూ అడుగలే.

నా ఫోన్ల తుడిచిన. అల్లునితో తుడిపిచ్చిన.
ఇంకా ఎన్ని జేబులల్ల ముడుసుకొని పన్నదో.
నిన్న బొంబాయికెల్లి కుర్మయ్య ఫోను,
పదారో అంతస్తు సెంట్రింగు మీద, గాలి గలగల.
"మామా, మన చెరువు తెగిందట గద?"

"ఇయ్యాల శనివారం" అని మొదలువెట్టిన,
"పొద్దున ఏడైతుంది,
నేను తూము కాడ నిలవడ్డ,
ఎనిమిది మెట్లు మునిగినయి, ఇగో, ఇను" అని
ఫోను కిందికి వంచి
అలుగు దిక్కు వట్టిన.